బేలో ఆగిన విమానం దగ్గర ఏది ముందు, ఏది తర్వాత: రాయగడ, కోరాపుట్ వైపు నుంచి ర్యాంప్ పనికి వెళ్ళేవారి కోసం

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర నుంచి రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్ళల్లో ఒకే ప్రశ్న వినిపిస్తోంది. "గ్రౌండ్ స్టాఫ్‌లో మనవాళ్ళని తీసుకుంటారా అన్నా?" విశాఖలో, భువనేశ్వర్‌లో, శంషాబాద్‌లో ఇప్పటికే మన కుర్రాళ్ళు బ్యాగులు ఎక్కిస్తున్నారు, విమానాన్ని వెనక్కి తోసే టగ్ బండి నడుపుతున్నారు. 2022 అక్టోబరులో జయపురం నుంచి భువనేశ్వర్‌కి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ విమానం మొదలయ్యాక, విమానం పక్కన నిలబడి చేసే ఉద్యోగం ఒకటుందని కొండల వైపు పల్లెలకి కూడా తెలిసింది.

ఇంటర్వ్యూ గురించి, జీతం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం బేలోకి అడుగు పెట్టిన తర్వాతి సంగతి. టెర్మినల్ ముందు విమానాలు ఆగే కాంక్రీటు నేలంతా ర్యాంప్, అందులో ఒక్కో విమానానికి గీతలు గీసి ఇచ్చిన చోటు బే. చిన్న విమానం అక్కడ ఆగేది అరగంట లోపు, పెద్దదైతే గంట, గంటన్నర. ఆ కాస్త సమయంలోనే డీజిల్ బండ్లు, నిచ్చెనలు, ఇంధనం లారీ, భోజనాల లారీ, నీళ్ళ బండి, క్లీనింగ్ వాళ్ళు అందరూ ఒకే విమానం చుట్టూ చేరతారు. ఇక్కడ ప్రతి పనికీ ఒక వరుస ఉంటుంది. నేను చూసినంతలో పని రాక దెబ్బలు తగిలిన సందర్భాలు తక్కువ. పని వచ్చినవాళ్ళే తొందరలో వరుస తప్పి దెబ్బ తిన్నారు. అందుకే కింద అంతా ఏది ఎవరు చేస్తారన్న దానికన్నా, ఏది జరగకముందు ఏది చేయకూడదు అన్న లెక్కలో రాశాను.

పాసుల సంగతి ఒక్క మాటలో: విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ ఇచ్చే ప్రవేశ పాసు ఏఈపీ మెడలో లేకుండా లోపలికి రాలేరు, డ్రైవింగ్ పర్మిట్ ఏడీపీ లేకుండా లోపల బండి తోలలేరు. ఊళ్ళో ట్రాక్టర్ బాగా నడిపినా ఇక్కడ దానికి విలువ లేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2019లో తెచ్చిన నిబంధనల ప్రకారం గ్రౌండ్ సిబ్బందికి కూడా శ్వాస పరీక్ష చేస్తారు. ముందురోజు రాత్రి పెళ్ళిలో తాగి పొద్దున్నే డ్యూటీకి వచ్చేవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

విమానం రాకముందు: నేల చూడండి

విమానం రావడానికి ముందే బే అంతా ఒక చివర నుంచి మరో చివర దాకా నడిచి చూడాలి. బోల్టు, సూట్‌కేస్ చక్రం, బ్యాగుకి కట్టిన తీగ, ప్లాస్టిక్ సంచి, రాయి, ఏది కనబడినా ఏరాలి. వీటన్నిటినీ కలిపి ఎఫ్‌ఓడీ అంటారు. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ విమానం కూలి 113 మంది చనిపోయారు. అంతకు కొద్ది నిమిషాల ముందు బయల్దేరిన మరో విమానం నుంచి రన్‌వే మీద పడ్డ లోహపు పట్టీ కాంకార్డ్ టైరును చీల్చింది. ఆ పట్టీ అరమీటరు కూడా లేదు. మన వైపు రాళ్ళ నేలలో పని చేసి వచ్చినవాళ్ళ బూట్ల అడుగున గులకరాయి ఇరుక్కుని ఉండడం మామూలే, బేలోకి వచ్చే ముందు బూట్లు తిప్పి చూసుకోవడం మంచి అలవాటు.

నిచ్చెనలు, బ్యాగులు పైకి ఎక్కించే బెల్ట్ లోడర్లు, సామాను లాగే డాలీ బండ్లు అన్నీ బే గీత వెనకే ఉండాలి. విమానం ఇంకా కదులుతుండగా ఒక్క డాలీ చక్రం గీత దాటి ఉన్నా రెక్క దానికి తగలవచ్చు. పైలట్‌కి తన రెక్క చివర ఏముందో సరిగ్గా కనబడదు.

విమానం ఆగింది. మీరు కదలకండి

కొత్తవాళ్ళకి అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఇదే. విమానం ఆగగానే కాళ్ళు వాటంతట అవే ముందుకు పోతాయి. వెనక సూపర్‌వైజర్ టైమ్ చూస్తుంటాడు, లోపల ప్రయాణికులు లేచి నిలబడి ఉంటారు. అయినా ఆగాలి.

చూడాల్సినది విమానం పొట్ట కింద, వీపు మీద మెరిసే ఎర్ర దీపం. అది వెలుగుతున్నంతసేపు ఇంజిన్ నడుస్తున్నట్టే లెక్క. దీపం ఆరాక కూడా ఇంజిన్ లోపలి ఫ్యాన్ తిరగడం నెమ్మదించిందో లేదో కంటితో చూడాలి. బాధ్యుడైన ఒక్క మనిషి సైగ చేసిన తర్వాతే మిగతావాళ్ళు దగ్గరికి రావాలి.

2022 డిసెంబరు 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో ఎంబ్రేయర్ 175 విమానం బేకి వచ్చింది. మామూలుగా ఆగిన విమానానికి కరెంటు ఇచ్చే తోకలోని చిన్న ఇంజిన్, అంటే ఏపీయూ, ఆ రోజు పనిచేయడం లేదు. అందుకని బయటి నుంచి కరెంటు తగిలించే దాకా పెద్ద ఇంజిన్‌ని నడవనిచ్చారు. విమానం రాకముందే రెండుసార్లు సిబ్బందిని పిలిచి ఈ సంగతి చెప్పారు. కో పైలట్ కిటికీ తీసి ఇంజిన్లు ఇంకా ఆగలేదని కూడా చెప్పాడు. అయినా వెనక వైపు కోన్ పట్టుకుని వెళ్ళిన ఒక ఉద్యోగి ఇంజిన్ ముందుకు వచ్చేసరికి అది ఆమెను లోపలికి లాగేసుకుంది. ఎర్ర దీపం అప్పటికి వెలుగుతూనే ఉంది.

ఈ ఘటనలో నన్ను భయపెట్టేది చెప్పలేదన్న లోటు లేకపోవడం. రెండుసార్లు చెప్పారు. కానీ రోజూ ఇంజిన్ ఆగిన విమానం చుట్టూ తిరిగే మనిషికి, ఈ రోజు వేరు అన్న మాట చెవికి ఎక్కినా కాళ్ళకి ఎక్కదు. కాబట్టి ఏపీయూ పనిచేయని విమానం వస్తోందని తెలిస్తే ఎవరు ఎక్కడ నిలబడాలో నేల మీద చూపించి ఒక్కొక్కరినీ అక్కడే నిలబెట్టండి. బయటి కరెంటు తగిలించే మనిషి తప్ప మరొకరు గీత దాటకూడదు.

మన వైపు ఎక్కువగా కనబడే చిన్న విమానాల్లో ఈ చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72 విమానానికి అసలు ఏపీయూ ఉండదు. కుడి వైపు ఇంజిన్‌ని నడుపుతూనే ప్రొపెల్లర్‌ని మాత్రం బ్రేకుతో ఆపుతారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. ప్రొపెల్లర్ కదలదు కనుక చూసేవాళ్ళకి ఆగిపోయినట్టే ఉంటుంది, వెనక నుంచి మాత్రం వేడి గాలి వస్తూనే ఉంటుంది. ఆ కుడి వైపుకి పని లేనివాళ్ళు పోకూడదు. కారవాన్‌కి ముక్కు మీదే ఒక్క ప్రొపెల్లర్. వేగంగా తిరిగేటప్పుడు ప్రొపెల్లర్ రెక్కలు కంటికి కనబడవు. ఆగి ఉన్నా సరే, ఏ ప్రొపెల్లర్ తిరిగే వలయంలోకీ చెయ్యి పెట్టకండి, దాని కింద నుంచి దాటకండి. మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళు సెల్ఫీ కోసం సరిగ్గా అక్కడికే వెళతారు. వాళ్ళని తోక వైపు నుంచి నడిపించి తలుపు దాకా తీసుకెళ్ళడం మన పని.

చోక్స్, కోన్లు

సైగ వచ్చాక మొదట ముందు చక్రానికి చోక్స్, అంటే చక్రం కదలకుండా అడ్డం పెట్టే దిమ్మలు, వేస్తారు, తర్వాత వెనక ప్రధాన చక్రాలకి. పైలట్ పార్కింగ్ బ్రేక్ వేశాడు కదా, చోక్స్ ఎందుకని కొందరు అడుగుతారు. ఆ బ్రేకు హైడ్రాలిక్, అంటే గొట్టాల్లోని ద్రవం ఒత్తిడితో నిలబడుతుంది, గంటలు గడిచేకొద్దీ ఒత్తిడి తగ్గిపోవచ్చు. చోక్స్ పడ్డాయని పైలట్‌కి చేతి సైగతో చెప్పాలి, ఆయన తిరిగి సైగ చేసేదాకా చూడాలి.

లాండింగ్ అయి వచ్చిన చక్రాల బ్రేకులు బాగా వేడిగా ఉంటాయి. టైరు పేలితే ముక్కలు పక్కలకి చిమ్ముతాయి కాబట్టి ముందు నుంచో వెనక నుంచో వెళ్ళాలి, చక్రానికి ఎదురుగా పక్క నుంచి మాత్రం వద్దు. పొగ కనబడితే వెంటనే వెనక్కి వచ్చి ఇంజినీర్‌కి చెప్పండి. నీళ్ళు పోయకండి.

కోన్లు రెక్క చివర్ల దగ్గర, ఇంజిన్ల ముందు, అవసరమైతే తోక దగ్గర. ఈ దశలోనే ఒకరు విమానం చుట్టూ తిరిగి తలుపులు, సరుకు గది అంచులు, ఇంజిన్ మూతల మీద పాత గీతలు, సొట్టలు ఉన్నాయేమో చూసుకోవాలి. బండ్లు రాకముందే చూడకపోతే, తర్వాత కనబడ్డ సొట్ట ఎవరిదని తగువు మొదలవుతుంది.

బండ్లు ఎలా రావాలి

అంతర్జాతీయ విమానయాన సంస్థల సంఘం ఐయాటా 2022లో ఒక అంచనా వేసింది. జాగ్రత్తలు పెంచకపోతే నేల మీద జరిగే నష్టాల ఖర్చు 2035 నాటికి ఏటా దాదాపు 1000 కోట్ల డాలర్లకి చేరవచ్చని. ఆగి ఉన్న విమానానికి తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం దాని దగ్గరికి వచ్చే మోటారు బండ్ల వల్లేనని కూడా చెప్పింది. బెల్ట్ లోడర్లు, కార్గో లోడర్లు, నిచ్చెనలు, టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా వచ్చే ఏరోబ్రిడ్జిలు కలిపి మొత్తం ఘటనల్లో 40 శాతం. అంటే విమానానికి సేవ చేయడానికి వచ్చే బండే దాన్ని పొడుస్తోంది.

పద్ధతి ఇది. బేలోకి వచ్చే ముందు బండిని పూర్తిగా ఆపండి. బ్రేకు నొక్కి చూసుకోండి. తర్వాత మనిషి నడిచే వేగంతో రండి. విమానానికి దగ్గరయ్యాక మళ్ళీ ఆపండి. అక్కడి నుంచి చివరి కొద్ది మీటర్లు పక్కన నిలబడి సైగ చేసే మనిషి లేకుండా కదలకండి. ఆ మనిషి కనబడకపోతే ఆగిపోవాలి. వెనక్కి తీసేటప్పుడు కూడా అంతే. రెక్క కింద నుంచి అడ్డదారి తీసుకోవద్దు. 2022 ఆగస్టు 2న ఢిల్లీలో ఒక విమాన సంస్థ కారు ఇంకో సంస్థ ఏ320 నియో ముక్కు కిందకి దూసుకెళ్ళింది, ముందు చక్రానికి తగలకుండా కొద్దిలో తప్పింది. కాస్త అటు ఇటు అయితే ఆ రోజు వార్త వేరేలా ఉండేది.

లోడర్ చివర రబ్బరు ఉంది కదా, కాస్త ఆనించినా ఏం కాదని పాతవాళ్ళు అంటారు. వినకండి. ఇప్పటి పద్ధతి తాకకుండా సన్నటి ఖాళీ ఉంచడం. దీనికో కారణం ఉంది. బ్యాగులు దింపి, ఇంధనం పోసి, మనుషులు ఎక్కేకొద్దీ విమానం పైకి లేస్తుంది, కిందకి దిగుతుంది. ఆనించి ఉన్న నిచ్చెన అంచు మీదకి తలుపు దిగిపోతే కీలు విరుగుతుంది. ఏరోబ్రిడ్జి అయితే ఎత్తు సరిచేసే ఆటో లెవలర్ ఉంటుంది, మామూలు నిచ్చెనకి మన కళ్ళే దిక్కు.

ఇక అసలు మాట. తగిలిందా? చెప్పండి. అల్యూమినియం ఒళ్ళున్న విమానానికి దెబ్బ తగిలితే సొట్ట కనబడుతుంది. బోయింగ్ 787, ఏ350 లాంటి వాటి ఒళ్ళు కార్బన్ ఫైబర్ మిశ్రమంతో చేసింది. పైన చిన్న గీతలా ఉండి లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు, అది తేల్చడం పరికరాలతో ఇంజినీర్లు చేసే పని. కాంట్రాక్టు కింద చేరిన కుర్రాడు ఉద్యోగం పోతుందని టెన్షన్ పడి నోరు మూసుకోవడం నాకు అర్థమవుతుంది. చెప్పినవాడిని శిక్షించే చోట ఎవరూ చెప్పరు, ఆ తప్పు ముందు పైవాళ్ళది. అయినా ఆ విమానంలో ఆ రోజు ఎక్కేది మన ఊరి మనుషులే కావచ్చు. పేరు చెప్పడానికి భయమైతే ముందు ఇంజినీర్‌ని పిలిచి చోటు చూపించండి, కాగితాలు తర్వాత.

తలుపు దగ్గర

బయటి నుంచి తలుపు తెరిచే హక్కు, శిక్షణ మీకు ఉంటేనే ముట్టండి. లోపల అత్యవసరంగా జారి దిగడానికి ఉండే స్లయిడ్ సిద్ధంగా ఉన్న స్థితిలో తలుపు తెరుచుకుంటే అది క్షణాల్లో గాలి నింపుకుని బయటికి తన్నుతుంది, ఎదురుగా ఉన్న మనిషిని పడగొడుతుంది. నిచ్చెన తీసే ముందు తలుపు మూసి ఉందో లేదో చూసుకోవాలి. లోపలి వాళ్ళకి కింద నిచ్చెన ఉందనే నమ్మకం. క్లీనింగ్ అమ్మాయి చెత్త సంచి పట్టుకుని వెనక్కి అడుగు వేస్తుంది, అక్కడ మెట్టు ఉండదు.

బ్యాగుల వరుస

దింపేటప్పుడు మొదట వెనక సరుకు గది, ఎక్కించేటప్పుడు మొదట ముందు సరుకు గది. ఏ గదిలో ఎంత బరువో రాసిన కంపెనీ లోడ్ షీట్ వేరేలా చెబితే షీటే ప్రమాణం. కారణం సులువు: విమానం బరువు ప్రధాన చక్రాల మీద తక్కెడలా నిలబడి ఉంటుంది. ముందు తలుపు నుంచి ప్రయాణికులు దిగిపోయి వెనక గదిలో బ్యాగులు అలాగే ఉంటే తోక కూర్చుంటుంది. 2023 అక్టోబరు 22న న్యూయార్క్‌లో ఏ321 ముక్కు ప్రయాణికులు దిగుతుండగానే గాల్లోకి లేచింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం. ఏటీఆర్‌కి ప్రయాణికుల తలుపు వెనకే ఉంటుంది, అందరూ అక్కడే గుమికూడతారు, కాబట్టి తోక కింద ఊతకర్ర పెట్టడం తప్పనిసరి. కారవాన్‌కి కూడా సామాను ఎక్కించేటప్పుడు తోక స్టాండ్ పెడతారు. బయల్దేరే ముందు దాన్ని తీసి, తీసినట్టు పైలట్‌కి చూపించాలి.

ఇంధనం

ఇంధనం ఎక్కుతున్నప్పుడు ఫోన్ జేబులోనే. లారీ, గొట్టం, రెక్కలోని గాలి రంధ్రాల చుట్టూ కనీసం 3 మీటర్లు ఏ ఇంజిన్ బండీ రాకూడదు. లారీ ముందు బండి పెట్టకండి, మంట వస్తే అది తిన్నగా ముందుకి పారిపోవాలి. ఉరుములు మెరుపులు దగ్గరికొస్తే పని ఆపమని సైరన్ వస్తుంది. సాధారణంగా 5 కిలోమీటర్ల లోపు మెరుపు పడితే ఇంధనం పని, హెడ్‌సెట్ తగిలించి పైలట్‌తో మాట్లాడే పని రెండూ ఆపేస్తారు.

మీది కాని పని

2019 జులై 10న కోల్‌కతాలో ఒక క్యూ400 విమానం ప్రధాన ల్యాండింగ్ గేర్, అంటే చక్రాల అమరిక దగ్గర పనిచేస్తున్న టెక్నీషియన్ హైడ్రాలిక్ తలుపులు ఒక్కసారిగా మూసుకోవడంతో చనిపోయాడు. ఆగి ఉన్న విమానంలో కూడా హైడ్రాలిక్ శక్తి ఉంటుంది, లోపలి మనిషి ఒక మీట కదిపితే చాలు. చక్రాల గదిలోకి తల పెట్టడం ర్యాంప్ సిబ్బంది పని కాదు. ఎండకి నీడ కోసం కూడా అక్కడికి పోకండి. మే నెలలో కాంక్రీటు మీద నిలబడ్డవాళ్ళకి ఆ నీడ ఎంత ఆశ పుట్టిస్తుందో తెలుసు, అందుకే చెబుతున్నాను.

చక్రాలు ముడుచుకోకుండా పెట్టే గేర్ పిన్నుల విషయంలో ఇంజినీర్లకే పొరపాట్లు జరుగుతాయి. 2021 జూన్ 18న లండన్ హీత్రోలో ఒక 787 ముక్కు నేల మీద కూలబడింది. తాళం పిన్ను పెట్టాల్సిన రంధ్రం పక్కనే అలాంటిదే ఇంకో రంధ్రం ఉంది. పెద్ద మెకానిక్‌కి చెయ్యి అందక కింద నుంచి వేలితో చూపించాడు, మెట్ల మీద ఉన్న మనిషి పక్క రంధ్రంలో పెట్టాడు. మీట కదపగానే ముక్కు చక్రం ముడుచుకుంది. వేలు పెట్టి చూపడం చాలదని, పిన్ను చేతితో లాగి చూసి తలూపాలని దీంతో తెలుసుకోవాలి.

పుష్‌బ్యాక్

పుష్‌బ్యాక్ అంటే టగ్‌తో విమానాన్ని వెనక్కి తోయడం. టగ్ తగిలించే ముందు ముక్కు చక్రానికి బైపాస్ పిన్ను పడాలి, లేకపోతే పైలట్ స్టీరింగ్ కదలిక, టగ్‌ని విమానానికి కలిపే టో బార్‌ని తిప్పి పక్కనున్న మనిషి కాలు విరగ్గొడుతుంది. రెక్కల చివర ఇద్దరు నడవాలి. 2022 మార్చి 28న ఢిల్లీలో వెనక్కి తోస్తుండగా ఒక 737 రెక్క కరెంటు స్తంభానికి తగిలింది. స్తంభం ఎప్పటి నుంచో అక్కడే ఉంది.

అంతా అయ్యాక అందరూ పక్కకి వచ్చి, పిన్ను పైకెత్తి పైలట్‌కి చూపించి, ఆయన సైగ చూసిన తర్వాతే తిరిగి రావాలి. 2015 డిసెంబరు 16న ముంబయిలో హైదరాబాద్ రావాల్సిన ఏ319 దగ్గర గ్రౌండ్ సిబ్బంది ఇంకా పక్కకి తప్పుకోకముందే విమానం కదిలి, ఒక టెక్నీషియన్‌ని ఇంజిన్ లాగేసింది. మనవాళ్ళకి ఒడియా, తెలుగు, హిందీ మూడూ వస్తాయి, అది ర్యాంప్ మీద మంచి బలం. కానీ ఇంజిన్ శబ్దంలో, చెవులకి మఫ్‌లు పెట్టుకున్నాక ఏ భాషా వినబడదు. చేతి సైగలు పుస్తకంలో ఉన్నట్టే చెయ్యండి, మీ ఊరి సైగలు కలపకండి.

రాత్రి ఆగే విమానం

కారవాన్ లాంటి చిన్న విమానాలు ఆగే మన వైపు ఎయిర్‌స్ట్రిప్పులకి ఇది పెద్ద పని. కాలవైశాఖి గాలులు ఏప్రిల్, మే సాయంత్రాల్లో పావుగంటలో వచ్చి పడతాయి. 2014లో హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్ని ఏం చేసిందో, 2018లో తిత్లీ గజపతి జిల్లాని ఏం చేసిందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గాలికి పెద్ద విమానాలు కూడా లెక్క కాదు. 2024 మే 28న అమెరికాలోని డాలస్‌లో గేటు దగ్గర ఆగి ఉన్న 737ని తుఫాను గాలి పక్కకి నెట్టేసింది.

గాలి హెచ్చరిక రాగానే ముందు విమానం చుట్టూ ఉన్న నిచ్చెనలు, డాలీలు, ఖాళీ కంటెయినర్లు దూరంగా తీసుకెళ్ళి బ్రేకులు వేసి కట్టేయండి, కోన్లు ఏరేయండి. ఎగిరొచ్చిన కోన్ కూడా దెబ్బే. తర్వాత అదనపు చోక్స్. చిన్న విమానాన్ని రెక్కల కింద, తోక కింద ఉన్న కొక్కేల నుంచి నేలలోని రింగులకి కట్టాలి, ప్రొపెల్లర్ తిరగకుండా పట్టీ వేయాలి. పెద్ద విమానాన్ని ఎటు తిప్పాలి, ఎంత ఇంధనం నింపి బరువు పెంచాలి అన్నది ఇంజినీర్ చెబుతాడు.

గాలి లేని రోజు కూడా మూతలు వేయాలి. వేగం కొలిచే పిటాట్ గొట్టాల మీద తొడుగులు, ఇంజిన్ నోళ్ళకి కవర్లు. మన ఇళ్ళలో వానలయ్యాక తాళం రంధ్రంలో, ప్లగ్ పాయింట్‌లో మట్టితో గూడు కట్టే కందిరీగ ఈ గొట్టాన్ని కూడా వదలదు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో కూలిన 757లో 189 మంది పోయారు. తొడుగులు లేకుండా నిలిపిన ఆ విమానం పిటాట్ గొట్టంలో పురుగు గూడు కట్టి ఉంటుందన్నది దర్యాప్తు అభిప్రాయం. అదే ఏడాది అక్టోబరు 2న పెరూలో ఇంకో 757 కూలి 70 మంది చనిపోయారు. కడిగేటప్పుడు ఎత్తు, వేగం తెలిపే గాలి రంధ్రాల మీద అంటించిన టేపు తీయడం మరిచిపోయారు. 2018 జులై 18న బ్రిస్బేన్‌లో ఒక ఏ330 తొడుగులతోనే ఎగిరిపోయి, ఎలాగో క్షేమంగా దిగింది.

కాబట్టి రాత్రి ఎన్ని వేశారో అంకె రాసి పెట్టండి. ప్రతి తొడుగుకీ ఎర్ర రిబ్బన్ వేలాడుతూ కనబడాలి, చిరిగితే కొత్తది వేయాలి. పొద్దున్న తీసినవి జేబుల్లో పెట్టుకోకుండా నేల మీద వరుసగా పరిచి లెక్క పెట్టండి. రాత్రి వేసినవాళ్ళు, పొద్దున్న తీసేవాళ్ళు వేరే షిఫ్టులైతే అంకె పుస్తకంలో సంతకంతో చేతులు మారాలి. ఒక్కటి తగ్గినా విమానాన్ని ఆపమని చెప్పే అధికారం ఆ బేలో చేరి రెండు రోజులైన కుర్రాడికి కూడా ఉంటుంది. ఆపండి, వెతకండి, దొరికాక పైలట్‌కి చూపించి పంపండి.